కాళ్లవైపు ఉండాల్సిన గుర్తు

ఆదివారం నేను లేచి నిలబడి చదవాల్సిన కాగితాన్ని మా వదిన బుధవారం సాయంత్రమే తెచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టింది.

"చదువు. ఇంకా నాలుగు రోజులుంది. తడబడకుండా వచ్చేదాకా చదువు."

వదిన అంటే నా భర్తకి అక్క. ఆయన పోయిన వారానికి ఒక రేకు పెట్టె పట్టుకుని నాకు తోడుగా వచ్చింది, ఇంక వెళ్లలేదు. ఆమెకి డెబ్బై దాటాయి. నాకు అరవై రెండు. అయినా ఆమెకి నేను "పిల్లా"నే. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. చేతిలో బెత్తం లేదన్న మాటే గానీ, ఆ కళ్లజోడు మీంచి చూసే చూపు బెత్తం కంటే గట్టిగా తగిలేది.

మా ప్రార్థన మందిరంలో పెద్దాయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరిగాక, ఆ ఇంటివాళ్లు అందరి ముందూ నిలబడి దేవుడికి వందనాలు చెప్పాలి. అప్పుడే దుఃఖం తీరినట్టు లెక్క. చదువు రానివాళ్లయితే ఆయన ఒక్కో మాట అంటుంటే వెనకాల అంటారు. నాకు చదవడం వచ్చిందని వదిన ఊరంతా చాటింది గనక, ఆయన ముచ్చటపడి గుండ్రటి అక్షరాలతో స్వయంగా రాసి పంపించాడు.

నేను కూడబలుక్కుని చదివాను.

"దేవా, నా భర్తను నీ సన్నిధికి పిలుచుకున్నందుకు వందనాలు. ఆయన్ని ఏ బాధా లేకుండా, ప్రశాంతంగా తీసుకుపోయినందుకు వందనాలు. ఈ దుఃఖంతో నా గర్వాన్ని అణిచినందుకు వందనాలు."

కాగితం మడిచి మళ్లీ ఉప్పు డబ్బా కింద పెట్టేశాను.

"బాగా చదివావు. 'సన్నిధి' దగ్గర కొంచెం ఆగావంతే," అంది వదిన.

"బాగానే చదివాను. కానీ ఇందులో ఒక్క నిజం లేదు వదినా."

"ఏమిటీ?"

"ప్రశాంతంగా పోయాడని ఎవరు చూశారు? ఇది రాసినాయన చూశాడా? నువ్వు చూశావా? పోనీ నన్ను చూడనిచ్చారా? ఇంక గర్వం అణిగిందంటాడు. ఎక్కడ అణిగింది? అలాగే ఉంది చూడు."

"అదే కనబడుతోంది," అంది వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

ఆయన ఎలా పోయాడో ఇక్కడ చెప్పాలి. మేమిద్దరం ఒకే చోట పనిచేసేవాళ్లం, ఆస్పత్రి లాండ్రీలో. ఆయన బాయిలరు చూసేవాడు. నలభై ఏళ్లు ఆవిరి మధ్యనే బతికాడు గనక అందరూ ఆయన్ని ఆవిరాయన అనేవాళ్లు. నేను కుట్టు గదిలో చిరిగిన దుప్పట్లకి మాసికలు వేస్తాను. కిందటేడు ఊపిరితిత్తుల జబ్బు ఒకటి వచ్చింది. అంటుకునే జబ్బు. దానికోసం ఆస్పత్రిలో ఒక వార్డు మూసేశారు. రోగులు లోపలికి వెళ్లడమే గానీ, వాళ్లవాళ్లెవరూ వెళ్లడానికి లేదు.

ఆయన్ని లోపలికి తీసుకుపోయిన రోజు ఒకతను గేటు దగ్గరికి కాగితం తెచ్చాడు. వేలిముద్ర వెయ్యమన్నాడు. మందుల కోసమేమో అనుకుని వేశాను. అందులో ఏముందో తర్వాత వదిన చదివి చెప్పింది. వార్డులోకి వెళ్తానని అడగననీ, రోగిని చూపించమని పట్టుబట్టననీ ఉంది. అంటే నా వేలితో నేనే నన్ను బయట నిలబెట్టుకున్నాను. అక్షరాలు నేర్పమని నేను వదిన కాళ్లావేళ్లా పడింది అందుకే. దేవుడి పుస్తకం చదువుకోవడానికి అని ఆమె అందరికీ చెప్పుకుంది. నేను కాదనలేదు.

నాలుగు రోజులు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాను. గేటు మనిషి మంచాల నంబర్లు పిలిచి చెప్పేవాడు. మొదటి రోజు, "పద్నాలుగు, ఉన్నాడు." రెండో రోజు, "పద్నాలుగు, ఉన్నాడు." మూడో రోజు కూడా. నాలుగో రోజు, "పద్నాలుగు," అని, తల దించుకున్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి గురించి నాకు అందిన చివరి మాట ఆ "పద్నాలుగు."

దేవుణ్ణి నమ్మడం మానేశావా అని అడిగారు కొందరు. మానలేదు. మానేస్తే ఇంకెవరితో పోట్లాడను? ప్రతి వారం మందిరానికి వెళ్లాను. అందరూ వందనాలు పాడుతుంటే పెదవులు బిగించుకుని కూర్చున్నాను. దేవుడు వింటున్నాడని నాకు తెలుసు, నేను పాడటం లేదని ఆయనకీ తెలుసు. ఏడాదిగా మా ఇద్దరి మధ్యా అలా నడుస్తోంది.

"చూడు పిల్లా," అంది వదిన. "వాడు నాకు తమ్ముడు. నేను ఎత్తుకుని పెంచాను. నాకు మాత్రం ఏడుపు లేదా? అయినా వంగాను. నువ్వెందుకు వంగవు?"

"నీకు నిజమైతే నువ్వు చెప్పు. నేను కాదంటానా?"

"చివరి మాట చెబుతున్నా. ఆదివారం నువ్వు వందనాలు చెప్పకపోతే సోమవారం నేను నా దారిన పోతా. దేవుడితో కయ్యం పెట్టుకున్న ఇంట్లో నాకు ముద్ద దిగదు."

"పొద్దున దిగిన రెండు ముద్దలూ కయ్యం లేకుండానే దిగాయా?"

ఆమె నవ్వలేదు. లేచి వెళ్లి మంచం కిందనుంచి రేకు పెట్టె బయటికి లాగి, వీధి తలుపు పక్కన పెట్టింది. నేను అటూ ఇటూ తిరిగేటప్పుడు కాలికి తగిలేలా పెట్టింది.

ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు. వదిన అన్న మాట వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. ఆమె వెళ్లిపోతే ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతాను, అది ఎలాగో భరిస్తాను. భరించలేనిది వేరే ఉంది. మాట్లాడబోయే ముందు వదిన గొంతు సవరించుకుంటుంది. మొదట చిన్నగా ఒకసారి, తర్వాత పెద్దగా ఒకసారి. ఆయనా అలాగే చేసేవాడు. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు ఆ చప్పుడు వింటే, పక్క గదిలో ఆయనే ఉన్నాడనిపిస్తుంది. లోకంలో ఆ చప్పుడు ఇంక ఆమె దగ్గరే ఉంది.

అయినా నేర్చుకున్న అక్షరాలతో నలుగురిలో మొదటిసారి చదవబోయేది అబద్ధమా? అదీ దేవుడి మొహం మీదా?

గురువారం పనిలోకి వెళ్లాను. మా కుట్టు గదిలో అయిదుగురం. గోడ అవతల పెద్ద పెద్ద యంత్రాలు తిరుగుతుంటే మా కాళ్ల కింద నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లలో చిరుగులున్నవి మా దగ్గరికి వస్తాయి. మాసిక ఎప్పుడూ దుప్పటికి ఒక కొసనే పడేలా కత్తిరించి, మలిచి కుడతాం. మాసిక గరుకుగా ఉంటుంది కదా, పడుకున్నవాళ్ల మొహానికీ వీపుకీ తగలకూడదు. అందుకని ఆ కొస మూలన నీలం దారంతో గుర్తు పెడతాం. గుర్తున్న వైపు కాళ్లకి. ఇది ఆస్పత్రిలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు.

ఎవరి గుర్తు వాళ్లది, కుట్టు ఊడితే ఎవరి పనో తెలియడానికి. నాది మూడు కుట్లు. రెండు నిటారుగా ఉంటాయి, మూడోది పక్కకి ఒరుగుతుంది. పెళ్లయిన కొత్తలో ఆయన అది చూసి, "ఏమిటోయ్, నీ మూడోవాడు తాగొచ్చాడా?" అన్నాడు.

"అది మీరే. బాయిలరు దగ్గర్నుంచి వచ్చి గోడకి చేరగిలబడ్డారు," అన్నాను.

అప్పట్నుంచీ ఇంటికి రాగానే గోడకి ఆనుకుని, "మూడోవాడు వచ్చాడు," అనేవాడు. ఈ ముచ్చట మా ఇద్దరిదే. వదినకి కూడా తెలియదు.

మా గదికి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసం గదంతా వెతుకుతాడు. ఆయన బల్ల పక్కన గోడకి ఒక పొడవాటి తీగ వేలాడుతుంది. వార్డుల నుంచి వచ్చిన చీటీలన్నీ దానికి గుచ్చుతాడు. ఈ దుప్పటి అంచు ఊడింది, ఆ దుప్పటి మరక పోలేదు, ఇలాంటివే. రోజూ మార్చాల్సిన దుప్పటి ఒక రోజు ఎక్కువ ఉంచినా ఎందుకుంచారో రాసి పంపాలి. చదవడం వచ్చాక నాకు అవే పాఠాలు. మధ్యాహ్నం తిన్నాక ఆ తీగ ముందు స్టూలు వేసుకుని, పై నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తున్నాను. రెండు నెలల్లో ఏడాది కిందటి చీటీల దాకా దిగాను.

ఆ రోజు చేతికొచ్చిన చీటీ గీతలు గీతలుగా ఉంది. తొందరలో రాసిన రాత. వేలు పెట్టి చదివాను.

"మూసిన వార్డు. పద్నాలుగో మంచం."

వేలు అక్కడే ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

"మాసిక దుప్పటి తిరగేసి పరిచాం. గుర్తు తలవైపు వచ్చింది. మార్చబోతే రోగి ఒప్పుకోలేదు. రెండు రోజులు అదే ఉంది. దుప్పటిలో లోపం లేదు."

కింద, ఎవరి మాసికో తెలియడానికి, గుర్తు గీసి ఉంది. మూడు గీతలు. రెండు నిటారుగా, ఒకటి ఒరిగి. తేదీ ఆయన పోయిన రోజుది.

మొదట నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. తలవైపు పరిచారా? ఊపిరాడని మనిషి మొహం కింద ఆ గరుకు మాసికా? రెండు రోజులా? నా చేత్తో నేను గట్టిగా, మందంగా కుట్టింది ఆయన చెంపకే గుచ్చుకుందా? ఇదొకటి తక్కువైందా దేవుడా నాకు?

చీటీ లాగి మేస్త్రీ బల్ల మీద కొట్టాను.

"ఇది నాకెందుకు చెప్పలేదయ్యా?"

ఆయన నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దింపి చదివాడు. చదువుతూ చదువుతూ మొహం ముడుచుకున్నాడు.

"నువ్వప్పుడు సెలవులో ఉన్నావమ్మా. లోపం లేదని రాసుంది కదా అని తీగకి గుచ్చేశాను. మంచం నంబరు ఎవరిదో నాకేం తెలుసు? నిజంగా తెలియదమ్మా."

"ఎవరు రాశారిది?"

"రాత చూస్తే తెలియట్లా? పరుగులమ్మది. కుక్కలు తరుముతున్నట్టు రాస్తుంది."

పరుగులమ్మ ఆ వార్డులో ఆయా. నడవడం ఎవరూ చూడలేదు, పరుగే. శుక్రవారం ఉతికిన దుప్పట్ల బండితో పాటు నేనూ వెళ్లాను. ఇప్పుడా వార్డు మూసిలేదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఏడాది కింద నేను ఏ తలుపు వైపు చూస్తూ నిలబడ్డానో, అందులోంచి ఒక పిల్ల బిస్కెట్టు తింటూ బయటికి వచ్చింది. నన్నెవరూ ఆపలేదు. అది చూసి నాకు మరీ మండింది.

పరుగులమ్మ బీరువాలో దుప్పట్లు పేరుస్తోంది. నలభై ఏళ్లుంటాయి. నేను చీటీ ఆమె ముందు పెట్టాను.

"ఇది నువ్వు రాసిందేనా?"

ఆమె చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బాగుంది! ఏడాది తర్వాత తగువుకొచ్చావా పెద్దమ్మా? తిరగేసి పరిచాను, అవును. తప్పే. దాచానా? రాశానా లేదా? రెండు రోజులుగా ఇంటికి వెళ్లలేదు. నలభై మంచాలకి ఇద్దరం. కళ్లు తెరిచే నిద్రపోయాను. గుర్తు ఎటుందో చూసే ఓపిక ఎవరికుంది?"

"పద్నాలుగో మంచం మా ఆయన."

నడుం మీది చెయ్యి జారిపోయింది. చీటీ వంక, నా వంక, మళ్లీ చీటీ వంక చూసింది.

"ఆ మూడు కుట్లూ... నీవా?"

"నావే. మాసిక ఆయన మొహానికి తగిలిందా? నాకు అది చెప్పు చాలు. గుచ్చుకుందా?"

పరుగులమ్మ అక్కడున్న బల్ల మీద కూర్చుంది. కూర్చోవడం కూడా ఆమెకి వచ్చునని నాకు అప్పుడే తెలిసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొహానికి కాదు పెద్దమ్మా. చేతికి. నేను మర్నాడు పొద్దున చూసుకుని నాలిక్కరుచుకున్నాను. మార్చడానికి వెళ్తే, ఆ మూల పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. వదలమంటే వదలడే! 'తాతా, నేను తప్పు పరిచాను, మార్చనీ, నన్ను తిడతారు' అన్నాను. మాట రావడం కష్టంగా ఉంది ఆయనకి. అయినా అన్నాడు, 'తప్పు కాదమ్మాయ్. ఇది మా ఇంటిది.' నాకు నవ్వొచ్చింది. 'మీ ఇంటిదేంటి తాతా, ఆస్పత్రిది. దొంగతనంగా పట్టుకుపోతావా ఏం' అన్నాను. ఆయనా నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది."

"తర్వాత?"

"సాయంత్రం మళ్లీ వెళ్లాను. అదే పట్టు. బొటనవేలితో ఆ కుట్ల మీద ఇలా రాస్తూ ఉన్నాడు. ఒక్కొక్కటే. ఏదో అన్నాడు, నాకు అర్థం కాలా. జ్వరం మాటలనుకున్నా."

"ఏమన్నాడు?"

"ఏదో మూడోవాడు... మూడోవాడు వచ్చాడని చెప్పు అన్నాడు. 'ఎవరికి చెప్పను తాతా? మూడోవాడెవరు? నీ కొడుకా?' అంటే తల అడ్డంగా ఊపాడు. మీకు ముగ్గురు పిల్లలా పెద్దమ్మా?"

మాకు పిల్లలే లేరు.

పరుగులమ్మ లేచి వెళ్లకుండా అలాగే కూర్చుంది. ఎవరో పిలిస్తే "వస్తున్నా ఉండండి" అని కేకేసింది కానీ కదల్లేదు.

"పొద్దున పోయాడు," అంది. "పోయాక కూడా పిడికిలి విప్పి తీయాల్సొచ్చింది. నేను ఆ రోజు ఆరుగురిని చూశాను. ఆ ఒక్క చెయ్యే ఖాళీగా లేదు."

బండితో తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా దేవుడితో మాట్లాడుతూనే ఉన్నాను. ఏడాది తర్వాత. మంచి మాటలే అని చెప్పను. "చూసి కూడా చెప్పకుండా దాచావా?" అన్నాను. "తీగకి గుచ్చి పెట్టావా? నాకు చదువు వచ్చేదాకా ఆగావా? నీకేం, కాలం బోలెడుంది." బండి తోసేవాడు నా వైపు రెండుసార్లు తిరిగి చూశాడు.

శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని తెల్ల కాగితం ముందేసుకున్నాను. వదినకి చెప్పలేదు. చెబితే ఆమె ఏడుస్తుంది, ఆమె ఏడిస్తే నేను రాయలేను. రాయడం నాకు ఇంకా దుప్పటి నేసినంత పని. ఒక్కో మాట దగ్గర ఆగి, చేతిలో పెన్ను అటూ ఇటూ తిప్పి, చెమట తుడుచుకుని రాశాను. పెద్దాయన కాగితం ఉప్పు డబ్బా కిందే ఉంది.

వదిన గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఏం రాస్తున్నావు?"

"వందనాలు."

"ఆయన రాసిచ్చాడుగా?"

"చూచిరాత రాస్తున్నానులే."

ఆమె కళ్లజోడు మీంచి ఒక చూపు చూసి, వెళ్లి తన పెట్టెలో ఇంకో చీర మడిచి పెట్టుకుంది. మూత వేసిన చప్పుడు నాకు వినబడాలనే గట్టిగా వేసింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. కుర్చీలు చాలక వెనకాల గోడ పొడుగునా నిలబడ్డారు. పెద్దాయన నన్ను పిలిచాడు. మంచివాడే. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వచ్చేది ఆయనే. కాకపోతే, కష్టంలో ఉన్నవాళ్లు ఏం అనుకోవాలో కూడా ఆయనే చెప్పేస్తాడు.

"మన సోదరి ఈ వయసులో అక్షరాలు నేర్చుకుంది. తన వందనాలు తానే చదువుతుంది," అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. వదిన రెండో వరసలో ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, నేను తడబడితే అందించడానికి పెద్దాయన రాసింది మొత్తం బట్టీ పట్టేసింది.

నేను నా కాగితం విప్పాను.

"దేవా. నా భర్తను తీసుకుపోయినందుకు నీకు వందనాలు చెప్పను."

వదిన పెదవులు ఆగిపోయాయి.

"ఆ వార్డు తలుపు మూసినందుకు చెప్పను. చదువురాని నా చేత వేలిముద్ర వేయించినందుకు చెప్పను. ఆయన బాధ లేకుండా పోయాడని అంటున్నారు. ఊపిరందని మనిషి ఎలా ఉంటాడో నీకు తెలుసు, నాకూ తెలుసు. అందుకు చెప్పను."

వెనకాల ఎవరో కుర్చీ జరిపారు. పెద్దాయన మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను రాసిచ్చింది అది కాదు."

"అవునండి. మీరు రాసింది ఇంట్లో భద్రంగా ఉంది. ఇది నేను రాసింది."

"దేవుడి ముందు ఇలా మాట్లాడొచ్చా తల్లీ?"

"దేవుడి ముందు కాబట్టే ఇలా మాట్లాడుతున్నాను. మీ ముందైతే మీరు చెప్పమన్నది చెప్పేసి కూర్చునేదాన్ని."

ఆయన కాగితం కోసం చెయ్యి చాపాడు, లాక్కోవడానికి కాదు, బతిమాలుతున్నట్టు. నేను ఇవ్వలేదు. కానీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. ఇంక ఆగిపోతానేమో అనుకున్నాను.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. గొంతు సవరించుకోవడం. చిన్నగా ఒకసారి, పెద్దగా ఒకసారి.

వదిన లేచి నిలబడింది.

"చదవనివ్వండి," అంది. "ఇంకా కాగితం అయిపోలేదు. అయిపోకుండా ఆపడం ఏం పద్ధతి? తప్పులుంటే తర్వాత నేను దిద్దుతాను. దానికి చదువు నేర్పింది నేను."

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను చదివాను.

"కానీ దేవా, ఆ వార్డులో ఒకావిడ రెండు రోజులు నిద్రలేక, దుప్పటి తిరగేసి పరిచింది. కాళ్లవైపు ఉండాల్సిన గుర్తు తలవైపు వచ్చింది. నువ్వు చూశావు. చూసి ఆపలేదు. కుట్టేవాళ్లం అయిదుగురం. దుప్పట్లు వందల కొద్దీ. అది నేను కుట్టిన దుప్పటి. అది ఆయన మంచానికే వచ్చింది, ఆయన చేతికే వచ్చింది. ఆయన గుర్తుపట్టాడు. ఇది మా ఇంటిది అన్నాడు. రెండు రోజులు పట్టుకుని ఉన్నాడు. నవ్వాడు. నాకు కబురు పెట్టాడు. ఆ కబురు నాకు నిన్న గాక మొన్న అందింది. నేను వెళ్లలేని చోటికి నా కుట్టు వెళ్లింది. ఆయన వట్టి చేతులతో పోలేదు. దీనికి నీకు వందనాలు. ఈ మాట నాకెవరూ రాసివ్వలేదు. ఒక్క దానికే చెబుతున్నాను. కానీ నిండుగా చెబుతున్నాను."

కాగితం మడిచాను. పెద్దాయన పాట ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. ఏడాది తర్వాత నేనూ నోరు తెరిచాను. పాట మొత్తం పాడలేదు. నాకు నిజమనిపించిన చరణం వరకు పాడి, మిగతా చోట్ల ఊరుకున్నాను.

ఇంటికి నడుస్తుంటే వదిన వీధి మలుపులో ఆగి, "నవ్వాడా?" అంది.

"నవ్వాడట. నవ్వితే దగ్గొచ్చిందట."

"వాడికి చిన్నప్పట్నుంచీ అంతే," అంది. అక్కడ గోడ పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆ మూడోవాడి సంగతి అప్పుడు చెప్పాను. ఏడుస్తూ ఏడుస్తూనే, "తాగొచ్చాడా అన్నాడా వెధవ?" అని నవ్వింది.

ఇంట్లోకి రాగానే పెట్టె నా కాలికి తగిలింది. వదిన దాని మూత తీసి, అడుగునుంచి తన దుప్పటి తీసి నా ఒళ్లో పడేసింది. ఇంటి నుంచి తెచ్చుకున్నది, ఎక్కడా చిరుగు లేదు.

"దీని మీద కుట్టు."

"ఏం చిరిగిందని?"

"చిరక్కపోయినా కుట్టు. ఆ మూడూ కుట్టు."

సూదిలో నీలం దారం ఎక్కించాను. "కాళ్లవైపేనా?"

"తలవైపు."

ఆమె నా ఎదురుగా కూర్చుని నా చెయ్యి కదలడం చూస్తోంది. మొదటి కుట్టు, రెండో కుట్టు. మూడోది ఒరుగుతుండగా అడిగింది, "మరి మిగతా వాటికి ఎప్పుడు చెబుతావు వందనాలు?"

"ఎందుకలా చేశాడో చెప్పాక."

"దేవుడు నీకు సంజాయిషీ చెబుతాడటే పిల్లా?"

"ఒక్క దుప్పటి ఒక రోజు ఎక్కువ ఉంచినందుకే పరుగులమ్మ కారణం రాసి పంపించింది వదినా. నిద్ర లేకపోయినా రాసింది. ఈయనకేం వచ్చింది?"

వదిన రేకు పెట్టెని కాలితో మంచం కిందికి తోసింది. అది సగం దాకా వెళ్లి ఆగిపోయింది. నేను దారం తెంపాను.